నడుము లోతే అని రాశాను

మార్చి 3, మంగళవారం

వాడు అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు. వాళ్లావిడకు, మామగారికి, గాలాల షాపువాళ్లకు, కెమెరా ఇచ్చిన స్నేహితుడికి, బండి బాగుచేసే మెకానిక్కుకు. "ఈ దారిలో నా వెంట నిలబడ్డ ప్రతి ఒక్కరికీ" అని గొంతు బొంగురు చేసుకుని మరీ చెప్పాడు. పదకొండు నిమిషాల వీడియో. రెండుసార్లు చూశాను. రెండోసారి పేర్లు కాగితం మీద రాసుకున్నాను. పదహారు మంది. అందులో నేను లేను.

గాలానికి ముడి వెయ్యడం వాడికి నేర్పింది నేను. వానపామును ఎక్కడ గుచ్చితే ఎక్కువసేపు కదులుతుందో చూపించింది నేను. ఆరేళ్ల కిందట కళ్లజోడు కోసం మా షాపుకి వచ్చి, కౌంటరు మీద నా ఫోన్లో చేప ఫోటో చూసి, "అక్కా, నాకూ నేర్పవా" అని వెంటపడ్డాడు. ఆ రోజే "పోరా" అనేసి ఉంటే పీడ వదిలేది.

ఇకనుంచి ఈ పుస్తకంలో వాడి పేరు బెండు. కింద గాలం, ఎర, సీసం గుండు ఎంత బరువు మోస్తున్నా పైకి కనిపించేది బెండే కదా.

మార్చి 4

మెకానిక్కుకు కూడా చెప్పాడు.

మార్చి 6, శుక్రవారం

షాపు వెనక గదిలో ఈ రోజు తొమ్మిది జతల అద్దాలు అరగదీశాను. అద్దం మధ్యలో సిరా చుక్క పెట్టడం, ఫ్రేము ఆకారానికి అంచు తియ్యడం, ఎక్కించడం, మళ్లీ చూడటం. చుక్క వెంట్రుకవాసి పక్కకు పోతే పెట్టుకున్నవాళ్లకు తలనొప్పి మొదలవుతుంది. ఇరవై రెండేళ్లలో నా చేతి మీదుగా పోయిన అద్దం ఒక్కటీ తిరిగి రాలేదు. మా యజమాని ఎవరికైనా నన్ను చూపించేటప్పుడు ఈ మాటే చెబుతాడు. నా బ్లాగు కూడా అంతే. కొలిచి, చూసి, అప్పుడు రాస్తాను.

భోజనం మానేసి బెండు వెబ్‌సైటూ నా బ్లాగూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. నలభై ఒక్క పోస్టులు ఉన్నవి ఉన్నట్టు దింపేశాడు. "మా వదిన" అని ఉన్నచోట "మా ఆవిడ" అని మార్చాడు. వాడు పడ్డ కష్టం అంతే.

ఇంటికి వచ్చి వదినకు చూపించాను. ఆయన పోయినప్పటి నుంచి నేను ఉండేది అన్నయ్యా వాళ్ల ఇంట్లోనే, వెనక గదిలో. నా ప్రతి పోస్టూ ముందు చదివేది వదినే.

"ఓరి వీడి దుంప తెగ! ఫ్రిజ్‌లో నా పెరుగు పక్కన వానపాముల డబ్బా పెట్టిన సంగతి కూడా ఎత్తుకుపోయాడే!" అని నవ్వింది.

"నవ్వకు వదినా."

"నవ్వక ఏడవమంటావా? పోనీ వాడికే ఫోన్ చేసి అడగరాదూ?"

"నేనెందుకు అడుక్కోవాలి?"

"అడగమన్నానమ్మా. అడుక్కోమని ఎవరన్నారు?"

ఇరవై రెండో తేదీకి బ్లాగుకి పదేళ్లు. ఆ రోజు కృతజ్ఞతల పోస్టు పెట్టాలని జనవరి నుంచి అనుకుంటున్నాను. ఇప్పుడు కూర్చుంటే ఒక్క మంచి మాట రావడం లేదు. కలం పట్టుకుంటే వాడి మొహమే కనిపిస్తోంది.

మార్చి 8, ఆదివారం

ఫోన్ చేశాను.

"అక్కా! నూరేళ్లు నీకు. ఇప్పుడే అనుకున్నా. వీడియో చూశావా?"

"చూశాను. పదహారు మంది."

"అవునక్కా, ఎవర్నీ మర్చిపోకూడదని ముందే రాసి పెట్టుకున్నా."

"నా రాతలు నలభై ఒకటి ఎత్తుకుపోయావు."

"అదేం మాటక్కా! ముడి ఎలా వెయ్యాలో ఎవరు రాసినా అలాగే రాస్తారు కదా. అయినా నీ బ్లాగు ఎంతమంది చూస్తారు చెప్పు. పాతిక మందా? నా దగ్గర వేలమంది చూస్తున్నారు. నీ మాటే కదా ఊరంతా పాకుతోంది. నువ్వు సంతోషించాలి."

పెట్టేశాను. సంతోషించాలట! వీడి తిక్క కుదర్చకపోతే నేను మా నాన్న కూతుర్నే కాదు.

మార్చి 10, మంగళవారం

నలభై రెండోది దొరికింది. దేవుడున్నాడు.

నాలుగేళ్ల కిందట నేను పాత రాళ్ల క్వారీ మీద ఒక పోస్టు రాశాను. రాళ్లు కొట్టడం ఆపేశాక గుంట నిండా వాన నీళ్లు చేరాయి. చేపలు పెరిగాయి. ఆ పోస్టులో ఇలా ఉంది: "ఉత్తరపు ఒడ్డున ఇరవై అంగల దాకా అడుగున చదునైన బండ. నడుము లోతే. నీళ్లలోకి నడిచివెళ్లి నిలబడి గాలం వెయ్యవచ్చు." బెండు దాన్ని అక్షరం పొల్లుపోకుండా దింపాడు. అంతటితో ఆగలేదు. ఇరవై రెండో తేదీ ఆదివారం, కొత్తగా నేర్చుకునేవాళ్లను ఇరవై మందిని తీసుకెళ్లి అదే ఒడ్డున నీళ్లలో నిలబెట్టి గాలం వేయిస్తాడట. వీడియో తీస్తారట. తేదీ కూడా నాదే.

ఇది ఎవరూ చూడని పుస్తకం కాబట్టి రాస్తున్నాను. ఉత్తరపు ఒడ్డున బండ ఉన్నది ఆరు అంగలే. ఆ తర్వాత గోడలాగా నిలువునా కోసేసిన రాయి. సీసం గుండు కట్టిన దారం వదిలి నేనే కొలిచాను. మూడు నిలువుల లోతు. నీళ్లు పచ్చగా ఉంటాయి, పైనుంచి ఏమీ తెలియదు.

మరి అలా ఎందుకు రాశావంటే, నేను కూర్చునేది దక్షిణపు ఒడ్డున. చేపలున్నది అక్కడే. అప్పట్లో ఉత్తరానికి దారే లేదు, అంతా ముళ్లకంప. నడుము లోతు అని ఆశ పెడితే అటు బయల్దేరతారు, సగం దూరంలో గీరుకుపోయి ఇంటికి పోతారు, నా చోటు నాకు మిగులుతుంది. చేప ఎంత అంటే కాస్త పెంచి, చోటెక్కడ అంటే కాస్త జరిపి చెప్పడం గాలం వేసేవాళ్లందరికీ ఉన్నదే. దాన్ని అబద్ధం అనరు. ఇప్పుడు ముళ్లు కొట్టేసి రోడ్డు వేశారు. అది నా తప్పా?

దొంగసొత్తు దొంగనే ముంచుతుంది. ఇరవై మంది ముందు, కెమెరా ముందు, బెండు మునుగుతాడు. చాలా రోజుల తర్వాత ఈ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

మార్చి 11

వాడికి ఈత వచ్చు. ఈ సంగతి ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 13, శుక్రవారం

ముందు నడిచేది వాడే. గురువు కదా. మిగతావాళ్లు ఒడ్డున నిలబడి చూస్తారు. వాడు గుటుక్కున మునిగి లేచి, తడిసిన కోడిలా ఒడ్డెక్కుతాడు. అందరూ నవ్వుతారు. అంతే. వాడికి ఈత వచ్చు.

మనసు తేలికపడింది కాబట్టి కృతజ్ఞతల పోస్టు కదిలింది. అన్నయ్యకు: తన పాత గాలపు కర్ర నా చేతిలో పెట్టి, "గోడకేసి చూస్తూ కూర్చునే బదులు నీళ్లకేసి చూస్తూ కూర్చో" అన్నందుకు. వదినకు: ఫ్రిజ్ కింది అర ఇచ్చినందుకు. యజమానికి: సీజన్లో గురువారాలు సెలవిచ్చి, మర్నాడు చేప కబుర్లు విన్నందుకు. కండక్టరు గారికి: ఈయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. మొదటి రోజు నుంచి ప్రతి పోస్టు కింద "రైట్, రైట్" అని రాసే మనిషి. పదేళ్లలో ఒక్కటి కూడా వదల్లేదు. ఎవరూ చదవడం లేదని బ్లాగు మూసేద్దామనుకున్న రెండుసార్లూ ఆ రెండు మాటలే నన్ను ఆపాయి.

ఇరవై రెండున సాయంత్రం పెడతాను, ఉదయం వాడి పని అయ్యాక. పదహారు మందికి చెప్పినవాడి పేరు మాత్రం ఇందులో ఉండదు.

మార్చి 16, సోమవారం

కండక్టరు గారు షాపుకి వచ్చారు. పాత కళ్లజోడు మీద కూర్చుంటే విరిగిందట. కొత్తది శనివారం లోపు కావాలన్నారు.

"ఆదివారం పనుందమ్మా. మీ తమ్ముడు నీళ్లలో నిలబెట్టి గాలం నేర్పిస్తానంటే పేరిచ్చాను."

మీ తమ్ముడట! నా చేతిలో ఫ్రేము ఉంది. స్క్రూ డ్రైవర్ జారి కింద పడింది.

"మీకు ఈత వచ్చా?"

"ఈతా? బస్సులో ఎక్కడ నేర్పుతారమ్మా! మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక ఒడ్డున గొంతుక్కూర్చోలేకపోతున్నాను. నీళ్లలో నిలబడితే బరువు తెలియదని డాక్టరే అన్నాడు. ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంట్లు కూడా ఇస్తారట, బట్టలు తడవకుండా."

"అక్కడ లోతు..."

"నడుము లోతే కదా. మీరు రాశారుగా! ఆ అబ్బాయి చెప్పాడని కాదమ్మా, నాలుగేళ్ల కింద మీ పోస్టులో చదివింది గుర్తుంది. ఆ ధైర్యంతోనే పేరిచ్చాను."

"ఆదివారం వానలా ఉందండీ. వద్దులెండి."

"చినుకు పడితే చేప బాగా పడుతుందని రాసిందీ మీరే!" అని నవ్వి, ముక్కు మీద వేలితో లేని కళ్లజోడు సర్దుకుని వెళ్లిపోయారు.

ఛాతీ దాకా రబ్బరు ప్యాంటు. ఒక్కసారి పైనుంచి నీళ్లు దూరితే అది ఇసుక బస్తా. ఈత వచ్చినవాడికి కూడా కాళ్లు ఆడవు. బెండుకు కూడా.

మార్చి 17

ఆయన అద్దాలు రెండుసార్లు పాడుచేశాను. యజమాని కొత్త జత తెప్పించమన్నాడు. మంగళవారానికి గానీ రావు.

మార్చి 18, బుధవారం

వదినకు చెప్పేశాను. బట్టలు మడతపెడుతోంది. చేతిలో దిండు గలీబు అలాగే ఉండిపోయింది.

"అది నేను చదివానే," అంది.

"చదివావు."

"చదివి, మా ఆడబిడ్డ ఎంత కచ్చితంగా రాస్తుందో చూడమని మా అక్కకు కూడా పంపించాను."

వదిన గలీబును మడతపెట్టకుండానే పక్కన పడేసింది.

"అబద్ధం అని పోస్టు పెట్టెయ్యి. ఈ రోజే."

"పెడితే వాడు గెలుస్తాడు వదినా. దొంగతనం చేసింది వాడు. అబద్ధాలకోరు అని పేరొచ్చేది నాకు."

"రానీ. వచ్చినా తప్పుడు పేరేం కాదుగా!"

వదినతో మాట్లాడటం లేదు.

మార్చి 19, గురువారం

బెండుకు మెసేజ్ పెట్టాను. ఆరు అంగలే, తర్వాత మూడు నిలువులు, నేను కావాలని తప్పు రాశాను, ఎవర్నీ దించకు అని. గంటకు జవాబొచ్చింది.

"అక్కా, నీ బాధ అర్థమైంది. వీడియోలో నీ పేరు చెప్పాల్సింది. కానీ నా కార్యక్రమం చెడగొట్టడానికి నీ రాతల్నే అబద్ధం అంటావా? కొలవందే అక్షరం రాయవు నువ్వు. నీ గురించి నాకు తెలియదా?"

నలభై రెండు పోస్టులు దొంగిలించినవాడికి నా నిజాయితీ మీద ఉన్న నమ్మకం చూస్తే చెంప పగలగొట్టాలనిపించింది.

మార్చి 20, శుక్రవారం

పోస్టు పెట్టాను. నాలుగు వాక్యాలు.

సాయంత్రానికి మూడు కామెంట్లు. "అందని ద్రాక్ష పుల్లన." "ఇంకొకరు పైకొస్తే ఓర్వలేరు." మూడోది బెండు అభిమాని ఎవరో, నవ్వే బొమ్మలు పెట్టాడు.

కండక్టరు గారికి ఫోన్ చేశాను.

"మా అమ్మాయి చదివి వినిపించిందమ్మా. మీ ఇద్దరికీ ఏదో తేడా వచ్చినట్టుంది."

"తేడా సంగతి వదిలెయ్యండి. అక్కడ మూడు నిలువుల లోతు. నిజంగా చెబుతున్నాను."

"నలభై ఏళ్లు బస్సులో మనుషుల్ని చూశానమ్మా. కోపంలో అన్న మాట నేను పట్టించుకోను. మీరు చల్లగా కూర్చుని రాసిందాన్నే నమ్ముతాను."

మార్చి 21

వదినతో మాట్లాడాను. అన్నయ్యను ఆరింటికల్లా బండి తియ్యమంది.

మార్చి 22, ఆదివారం. సాయంత్రం.

చేతికి కట్టు ఉంది, అక్షరాలు వంకర పోతున్నాయి. అయినా ఈ రోజే రాయాలి.

మేం వెళ్లేసరికే వాళ్ల బస్సు వచ్చేసింది. దారిలో టైరు పంక్చరైంది, అన్నయ్య ఎంత తిట్టుకున్నా టైరు దాని ఇష్టప్రకారమే ఎక్కింది. ఇరవై మందీ ఒకే రంగు టోపీలు పెట్టుకుని ఒడ్డున నిలబడి ఉన్నారు. సగం మంది రబ్బరు ప్యాంట్లు ఎక్కించారు. బెండు ఎక్కించలేదు. వాడు ముందు నడవడం లేదు. గట్టు మీద కెమెరా వెనక నిలబడి ఉన్నాడు. గురువు ముందు దిగుతాడని రాసుకున్న నా తెలివికి దండం పెట్టాలి.

"రా అక్కా! అందరూ చూడండి, నాకు మొదటి ముడి నేర్పింది మా అక్కే," అన్నాడు. ఇరవై మందీ చప్పట్లు కొట్టారు.

నేను సీసం గుండు విసిరాను. దారం అలా పోతూనే ఉంది. "చూడు," అన్నాను.

"రాళ్ల సందులో పడి ఉంటుందక్కా," అన్నాడు, కెమెరాలోంచి కళ్లు తియ్యకుండా. "ఆ, పెద్దాయనా, మీరు నడవండి. నెమ్మదిగా."

అటు తిరిగి చూస్తే కండక్టరు గారు అప్పటికే నీళ్లలో ఉన్నారు. రెండు అంగలు వేశారు. కళ్లజోడు లేదు. మూడోది వెయ్యబోతూ నా వైపు చూసి చెయ్యి ఊపారు.

నాకు ఈత రాదు. పదేళ్లుగా నీళ్ల పక్కన కూర్చోవడమే గానీ కాలు తడిపింది లేదు. ఆయన్ని పట్టుకుని ఆపితే బెండు మళ్లీ ఏదో ఒకటి అంటాడు, ఇంకొకరు దిగుతారు. ఐదో అంగ దగ్గర ఆగి చెబుదామా అంటే నా మాట ఎవరు నమ్ముతున్నారు గనక. ఆయన్ని దాటుకుని ముందుకు నడిచాను. నీళ్లు నడుము దాకా వచ్చాయి. నడుము లోతు, అంతవరకూ నేను రాసింది నిజమే. ఆరు దాటి ఇంకో అడుగు వేశాను.

లోపల పచ్చగా ఉంది. ఆ తర్వాత నల్లగా ఉంది. అరుద్దామని నోరు తెరిస్తే నీళ్లే వచ్చాయి. ఒక్క మాట దాచుకోకుండా రాయాలంటే, ఆ క్షణంలో కూడా "ఇప్పుడు నమ్ముతార్రా" అనే అనుకున్నాను.

జుట్టు పట్టుకుని లాగారు ఎవరో. ఎవరో కాదు, బెండు. కెమెరా వదిలేసి బట్టలతో దూకేశాడట. అన్నయ్య గాలపు కర్ర చాచితే దాన్ని పట్టుకుని ఇద్దరం బండ మీదికి వచ్చాం. రాయి అంచు తగిలి నా అరచెయ్యి చీరుకుపోయింది. నేను నీళ్లు కక్కుతుంటే వాడు పక్కనే కూర్చుని వణుకుతున్నాడు. "నిజమేనా అక్కా, మెసేజ్‌లో నిజమే రాశావా," అని రెండుసార్లు అడిగాడు. మొహం పాలిపోయింది. ఒక్క నిమిషం వాడి మీద కోపం కూడా గుర్తురాలేదు.

ఆ తర్వాత లేచి, మొహం తుడుచుకుని, కెమెరా దగ్గరికి వెళ్లాడు. "చూశారుగా మిత్రులారా! ఎవరు ఎంత చెప్పినా, లోతు కొలవకుండా నీళ్లలో దిగకూడదు. ఈ రోజు మన మొదటి పాఠం ఇదే."

కండక్టరు గారు రాయి మీద కూర్చుని రబ్బరు ప్యాంటు ఊడదీసుకున్నారు. దాన్ని మడిచి పక్కన పెట్టారు. నా పక్కనుంచే నడిచి వెళ్లారు. బస్సెక్కి కూర్చున్నారు.

మార్చి 24, మంగళవారం

బెండు వీడియోను లక్ష మంది చూశారు. చివర్లో కృతజ్ఞతలు కూడా చెప్పాడు. "ఇంత విలువైన పాఠం నేర్పిన మా అక్కకు." పదిహేడో పేరు నాదే. కోరుకున్నది దొరికింది. పళ్లు పటపటా కొరికాను.

"నీ పోస్టులో వాడికీ ఒక ముక్క రాసెయ్యి," అంది వదిన.

"చచ్చినా రాయను."

"ఆదివారం చావలేదుగా. ఎందుకు చావలేదో అది రాయి."

రాశాను. అన్నయ్య, వదిన, యజమాని అయ్యాక, చివర: "నన్ను నీళ్లలోంచి లాగినవాడికి కృతజ్ఞతలు. నా రాతలు లాగినందుకు కాదు." జుట్టు పట్టుకుని లాగాడని కూడా కలుపుదామనుకున్నాను, వదిన కొట్టేసింది. కండక్టరు గారి పేరు దగ్గర ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలాను. పోస్టు ఇంకా పెట్టలేదు.

కొత్త అద్దాలు వచ్చాయి. ఈసారి చుక్క పక్కకు పోలేదు.

మార్చి 27, శుక్రవారం

కండక్టరు గారు కళ్లజోడు కోసం వచ్చారు. పెట్టి చూపించాను. గోడ మీది అక్షరాల అట్టలో అన్నిటికన్నా కింది వరుస కూడా చదివారు. బాగుందన్నారు. తర్వాత కుర్చీ కౌంటరు దగ్గరికి లాక్కుని, జేబులోంచి చిన్న పుస్తకం, పెన్సిలు తీశారు.

"మిగతావి చెప్పండమ్మా."

"ఏవండీ?"

"మీరు రాసినవి. ఏవి నిజం, ఏవి కాదు. మొదటి నుంచి."

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే జవాబు చెప్పడం నాకు బాగా వచ్చు. యజమాని లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

మొదలుపెట్టాను. అన్నయ్య కర్ర ఇచ్చాడన్నది నిజం. రెండో పోస్టులో చేప రెండు కిలోలు కాదు, కిలోంబావు. వంతెన కింద జెల్ల చేపలు పడేది ఉదయం కాదు, సాయంత్రం. కాలువ మలుపు దగ్గర గట్టు గట్టిది కాదు, కూలుతుంది. ఆయన రాసుకుంటూ పోయారు. ఎక్కడా తల ఎత్తలేదు. రెండు గంటలు పట్టింది. మూడు వందల పన్నెండు పోస్టుల్లో యాభై ఎనిమిది అబద్ధాలు. మనుషుల ప్రాణాల మీదికి వచ్చేవి మూడు. ఆ మూడింటినీ అక్కడే, ఆయన ముందే బ్లాగులో సరిదిద్దాను, బెండుకు కూడా పంపాను. బరువుల అబద్ధాలు, ఎరల అబద్ధాలు మాత్రం వాడికి చెప్పలేదు. అవి ఎత్తుకుపోయిన వాడే మోసుకోనీ.

ఆయన పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నారు.

"ఇంక చదవరా?" అని అడిగాను.

"ఎందుకు చదవనమ్మా. పదేళ్ల అలవాటు, ఎక్కడికి పోతుంది?"

వెళ్లొస్తానని లేచారు. షాపు ముందు ఒక్కటే మెట్టు. పదేళ్లుగా దిగుతున్నదే. తలుపు పట్టుకుని ఆగి, కుడి కాలు ముందుకు చాచి, కింద నేల ఎక్కడుందో తడుముకుని, అప్పుడు దిగారు.

అద్దాలు సరిగ్గానే ఉన్నాయి. నేను రెండుసార్లు చూశాను.